అన్నం మీద అలిగితే ఒళ్ళు తగ్గుతుందా?

– బి.ఎస్సీ. (బి.జడ్.సి.) ద్వితీయ సంవత్సరం విద్యార్థిని

మన దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ రోజుల్లో అందరికన్నా ఎక్కువ తిట్లు తింటున్నది ఎవరు? రాజకీయ నాయకుడు కాదు, సిటీబస్సు కండక్టరు కాదు, హాస్టలు వార్డెను అంతకన్నా కాదు. అన్నం! పాపం, మూడుపూటలా మన కడుపు నింపుతూ వచ్చిన అన్నమే ఇవాళ ముద్దాయి అయి బోనులో నిలబడింది.

నమ్మకపోతే మెట్రో మెట్లు దిగి చైతన్యపురి వైపు నాలుగడుగులు వేసి చూడండి. కరెంటు స్తంభాల మీద పోటీ పరీక్షల కోచింగు కాగితాల పక్కనే "నెలలో ఇన్ని కిలోలు తగ్గండి" అనే కాగితాలు అంటించి వుంటాయి. ఒకటి ఉద్యోగం ఇప్పిస్తానంటుంది, ఇంకొకటి ఒళ్ళు తగ్గిస్తానంటుంది. రెండింటి కిందా ఫోను నంబరు వుంటుంది. కొత్తపేట మీదుగా ఎల్.బి. నగర్ చౌరస్తా దాకా వెళ్ళేలోగా కొర్రల ఇడ్లీలు, రాగి దోశెలు, సాయంత్రమైతే బండ్ల మీద వేడి వేడి జొన్నరొట్టెలు కనిపిస్తాయి. లైబ్రరీలో, టిఫిన్ సెంటర్లో, హాస్టలు మెట్ల మీద ఒకటే మాట: "నేను రైస్ మానేశానే!" ఆ మాట చెప్పేటప్పుడు ముఖంలో ఒక వెలుగు. సారా మానేసినవాడు కూడా అంత గర్వంగా చెప్పడు.

మాది నల్గొండ జిల్లాలో వరి పండించే ఇల్లు. కాబట్టి ఈ అమ్మాయి అన్నానికి వకాల్తా పుచ్చుకున్నదని మీరు అనుకోవచ్చు. అదేం కాదు. పళ్ళెం నిండా గుట్టలాగా అన్నం పెట్టుకొని, మధ్యలో గుంట చేసి ఇంత పచ్చిపులుసు పోసుకొని తినడం ఆరోగ్యమని నేను అనను. నేను అనేది ఒక్కటే. ఒళ్ళు తగ్గాలనుకొనే వాళ్ళంతా "ఏది మానాలి?" అని అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్న అది కాదు. "నా పళ్ళెంలో ఏది ఎక్కువైంది? ఏది అసలు లేకుండా పోయింది?" అని అడగాలి. మొదటి ప్రశ్న వల్ల వ్యాపారికి లాభం. రెండో ప్రశ్న వల్ల మనకు లాభం.

ముగ్గురు పెద్దలు – మూడు దారులు

మన తెలుగువాళ్ళకు ఈ విషయంలో గురువులకు కొదవ లేదు. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పు, నూనె, పంచదార మానమన్నారు. మొలకెత్తిన గింజలు, పండ్లు, పచ్చికూరలు తినమన్నారు. 2017, 2018 సంవత్సరాల్లో వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి రెండు రాష్ట్రాలనూ ఊపేసింది. అన్నం, రొట్టె, పంచదార, పండ్లు పక్కన పెట్టి, కొబ్బరినూనె లాంటి కొవ్వులు రోజుకు 70 నుంచి 100 గ్రాముల దాకా తీసుకోవాలనీ, నిమ్మకాయలు, నీళ్ళు బాగా పుచ్చుకోవాలనీ ఆయన చెప్పారు. అప్పట్లో కొందరు డాక్టర్లు దాన్ని గట్టిగా కాదన్నారు కూడా. ప్రొద్దుటూరు ప్రాంతంలో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ గారు బియ్యం, గోధుమలు మాని కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు తినమన్నారు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

వీరిలో ఎవరినీ చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. తినే ముందు ఒక్కసారి పళ్ళెం వైపు చూడమని లక్షలాది మందికి నేర్పింది వీళ్ళే. అయితే విజ్ఞానశాస్త్రం చదివే వాళ్ళకు ఇక్కడ ఒక సందేహం రావాలి. ఒకరు నూనె శత్రువు అన్నారు. ఒకరు నూనే మిత్రుడు అన్నారు. ఇంకొకరు గొడవంతా గింజలోనే వుంది అన్నారు. ఒకరి మాట ఇంకొకరికి పడదు. కానీ ముగ్గురి దగ్గరా బరువు తగ్గినవాళ్ళు వున్నారు! అదెట్లా సాధ్యం?

ఈ చిక్కు మనతోనే మొదలు కాలేదు. 1863లో లండనులో విలియం బాంటింగ్ అనే ఆయన స్థూలకాయం గురించి ఒక చిన్న పుస్తకం అచ్చు వేశాడు. ఆయన వృత్తి అంత్యక్రియల ఏర్పాట్లు చేయడం. బ్రెడ్డు, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంప మానేసి సన్నబడ్డానని రాసుకున్నాడు. ఆ పుస్తకం ఎంత ప్రచారమైందంటే ఇంగ్లీషులో ఆయన పేరే "తిండి కట్టడి" అనే అర్థంలో క్రియాపదం అయి కూర్చుంది.

ఇప్పుడు అసలు విచిత్రం వినండి. 1939లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ అనే డాక్టరు తీవ్రమైన రక్తపోటు, మూత్రపిండాల జబ్బు వున్న రోగులకు ఒక పథ్యం పెట్టడం మొదలుపెట్టాడు. ఆ పథ్యం ఏమిటనుకున్నారు? తెల్ల అన్నం! అన్నం, పండ్లు, పండ్లరసం, పంచదార. ఉప్పు లేదు, కొవ్వు దాదాపు లేదు. చాలామందికి రక్తపోటు తగ్గింది, దాంతోపాటు బరువూ తగ్గింది. తరువాతి కాలంలో లావు తగ్గడం కోసమే జనం ఆ ఊరికి వెళ్ళి అన్నం తిన్నారు. మనం సన్నబడడానికి మానేస్తున్న పదార్థాన్నే వాళ్ళు సన్నబడడానికి తిన్నారన్నమాట.

లెక్క ఎక్కడ కుదిరింది?

ఇందులో మాయ లేదు, మంత్రం లేదు. ఒక గ్రాము పిండిపదార్థం మనకు 4 కిలోకేలరీల శక్తి ఇస్తుంది. మాంసకృత్తులూ అంతే. కొవ్వు 9 ఇస్తుంది. ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కిలోకేలరీలు లోటు పడాలి. ఏ పద్ధతి పట్టినా అందులో కొన్ని పదార్థాలు నిషేధం. నిషేధం రాగానే ఐదింటి మిర్చిబజ్జీ పోతుంది, రెండో ప్లేటు పూరీ పోతుంది, నాలుగు చెంచాల పంచదార వేసిన చాయ్ పోతుంది, కూల్ డ్రింకు పోతుంది. మొత్తం మీద తిండి తగ్గుతుంది. తగ్గింది కాబట్టి ఒళ్ళు తగ్గుతుంది. పేరు మాత్రం గురువుగారికి, నింద మాత్రం అన్నానికి!

2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు అచ్చు వేసిన పరిశోధన ఒకటుంది. 609 మందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టును కొవ్వు తగ్గించమన్నారు, ఒక జట్టును పిండిపదార్థం తగ్గించమన్నారు. పంచదార, మైదా లాంటివి తగ్గించి కూరగాయలు బాగా తినమని ఇద్దరికీ చెప్పారు. ఏడాది తిరిగేసరికి మొదటి జట్టు సగటున 5.3 కిలోలు తగ్గింది, రెండోది 6 కిలోలు తగ్గింది. గణాంకశాస్త్రం ప్రకారం అది లెక్కలోకి వచ్చే తేడా కాదు. రెండు జట్లలోనూ బాగా తగ్గినవాళ్ళూ వున్నారు, ఇంకాస్త పెరిగినవాళ్ళూ వున్నారు. ఎవరు ఏది మానారన్నది కాదు, ఎవరు ఎంతకాలం నిలబడగలిగారన్నదే ముఖ్యమని నాకు అర్థమైంది.

"మరి మా అక్క అన్నం మానేసిన వారంలోనే రెండు కిలోలు తగ్గిందిగా?" అని అడుగుతారు. తగ్గుతుంది. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే రూపంలో అరకిలో దాకా పిండిపదార్థం నిలవ వుంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకొని వుంటుంది. అన్నం ఆపగానే ఆ నిలవ ఖర్చవుతుంది, నీళ్ళు బయటికి పోతాయి. త్రాసులో ముల్లు దిగుతుంది. దిగింది నీళ్ళ బరువు, కొవ్వు కాదు. పండక్కి ఊరికెళ్ళి రెండు రోజులు అన్నం తినగానే ఆ రెండు కిలోలూ మళ్ళీ వచ్చి కూర్చుంటాయి. అప్పుడు అందరూ "చూశావా, అన్నం ఎంత విషమో!" అంటారు.

గింజను తిట్టేముందు

మా నానమ్మ చిన్నప్పుడు వాళ్ళింట్లో పండుగకో, చుట్టం వస్తేనో తప్ప వరి అన్నం లేదట. రోజూ జొన్న గటక, సజ్జ రొట్టె. అన్నం తినేవాడు దొర, గటక తాగేవాడు పాలేరు. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు పేదింటి పొయ్యి మీదికి రోజూ అన్నం వచ్చింది. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి విత్తనం వచ్చింది. సన్నబియ్యం అంటే ఏమిటో జనానికి రుచి తెలిసింది. బోర్లు పడ్డాయి, కాలువలు వచ్చాయి, జొన్నచేలు మడులయ్యాయి. 2025లో మన రాష్ట్రంలో రేషను షాపుల్లో కూడా సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది. రెండు తరాల్లో ఇంత మార్పు!

ఇప్పుడు చూడండి తమాషా. పేదవాడు సన్నబియ్యం దాకా వచ్చేసరికి ఉన్నవాడు గటక దగ్గరికి వెళ్ళిపోయాడు. మా నానమ్మ సిగ్గుపడుతూ తిన్న జొన్నరొట్టెను ఇక్కడ గొప్పగా తింటున్నారు. నాకు సంతోషమే. జహీరాబాదు దగ్గర పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు ఎవరూ పట్టించుకోని కాలంలో జొన్న, సజ్జ, కొర్ర విత్తనాలను కాపాడుకొచ్చారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మన రాజేంద్రనగర్‌లోనే చిరుధాన్యాల పరిశోధనకు జాతీయ సంస్థ వుంది. రాగుల్లో కాల్షియం బియ్యంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కొర్రల్లో పీచు ఎక్కువ. ఇవన్నీ నిజాలే.

అయితే ఇంకో నిజం కూడా వుంది. 100 గ్రాముల బియ్యంలోనైనా, 100 గ్రాముల కొర్రల్లోనైనా శక్తి కాస్త అటూ ఇటూగా 330 నుంచి 360 కిలోకేలరీలే. అన్నం గుట్టను తీసేసి దాని స్థానంలో కొర్రన్నం గుట్ట పెడితే గుట్ట అట్లాగే వుంటుంది. జేబుకు మాత్రం చిల్లు పడుతుంది.

అసలు బియ్యంలో లోపం వున్న మాట వాస్తవం. ఆ లోపం వరి మొక్కది కాదు, మర చేసే పని. ముడిబియ్యం మీద గోధుమరంగు పొర వుంటుంది. విటమిన్లు, పీచు దానిలోనే వుంటాయి. మల్లెపువ్వులా తెల్లగా కావాలని మనం మిల్లులో దాన్ని గీకించేస్తాం. ఆ తవుడు మా బర్రెలు తింటాయి. అవి నిగనిగలాడుతూ వుంటాయి, మనకు రక్తం తక్కువ!

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందీ కాదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టిందే ఈ తెల్లబియ్యం గొడవ మీద. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఆధ్వర్యంలో బెరిబెరి వ్యాధి మీద విచారణకు ఒక్క గదిలో దాన్ని ప్రారంభించారు. బాగా పాలిష్ పట్టిన బియ్యమే ఆధారంగా బతికేవాళ్ళకు బి1 విటమిన్ చాలక వచ్చే జబ్బు అది. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది. నూరేళ్ళ కింద మొదలైన పాఠం ఇంకా మనకు పూర్తిగా ఒంటబట్టలేదు. తక్కువ పాలిష్ బియ్యం అడిగితే ఎల్.బి. నగర్ కిరాణా కొట్టువాడు ఇంకా మన వంక వింతగానే చూస్తాడు.

తిండి ఊరిది, కుర్చీ పట్నానిది

మా నాయన పొద్దున్నే చద్దన్నం తిని పొలం పోతాడు. మధ్యాహ్నం సద్దిమూటలో తినేది చూస్తే మన హాస్టలు పిల్లలు ముగ్గురికి సరిపోతుంది. ఆయన పొట్ట వీపుకు అంటుకొని వుంటుంది. ఎందుకంటే తిన్న ప్రతి మెతుకుకూ మడిలో లెక్క చెప్తాడు. నాట్లేసే ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇదే పళ్ళెం దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చింది. గ్రూప్స్‌కు చదివే అన్న పొద్దున ఏడింటికి రీడింగు రూములో కూర్చుంటే రాత్రి పదింటికి లేస్తాడు. మధ్యలో మూడుసార్లు కిందికి దిగడం చాయ్ కోసమే. రెండేళ్ళలో చొక్కా గుండీలు మొరాయిస్తాయి. అదే హాస్టల్లో కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యే తమ్ముడు తెల్లవారకముందే లేచి సరూర్‌నగర్ వైపు పరుగు తీస్తాడు. అతనూ అదే అన్నం తింటాడు, ఇంకో గంటె ఎక్కువే తింటాడు. ఈతబరిగెలా వుంటాడు. వంటవాడు ఒకడే, బియ్యం ఒకటే. తేడా కుర్చీలో వుంది.

పల్లె నుంచి వచ్చిన మనం పొలం పనిని ఊళ్ళో వదిలి పెట్టి, పొలం పనికి తగిన పళ్ళెాన్ని మాత్రం వెంట తెచ్చుకున్నాం. మన తాతల కాలంలో ఆ గుట్ట అన్నానికి అర్థం వుంది, ఎనిమిది గంటల నాగలి వుంది. ఇప్పుడు నాగలి లేదు. కాబట్టి గుట్ట తగ్గాలి. నేను అన్నానికి వకాల్తా పుచ్చుకోలేదన్నది ఇందుకే. తగ్గించడం వేరు, బహిష్కరించడం వేరు.

సన్నబడమని చెప్పేది ఎవరు?

ఇంతవరకూ సరదాగా చెప్పాను. ఇప్పుడు చెప్పేది సరదా కాదు. ముఖ్యంగా సోదరీమణులు వినాలి.

ఆడపిల్లల హాస్టళ్ళలో "రైస్ మానేయడం" అంటే ఏమిటో మగపిల్లలకు తెలియదు. అన్నం మానేసి దాని బదులు గుడ్లు, పప్పు, కూరలు, పండ్లు తినడం కాదు. హాస్టలు మెస్సులో అన్నం కాక వేరే ఏముంటుంది గనుక? నీళ్ళ పప్పు, నీళ్ళ సాంబారు, బంగాళాదుంప కూర, వారానికి ఒక గుడ్డు. అందులోంచి అన్నం తీసేస్తే మిగిలేది సున్న. కాబట్టి అన్నం మానేయడమంటే భోజనం మానేయడమే. రాత్రికి ఒక కీరదోసకాయ తిని పడుకొనే అమ్మాయిలను నేను రోజూ చూస్తున్నాను. వాళ్ళలో కొందరు అసలు లావే కారు. వచ్చే నెలలో పెళ్ళిచూపులట. "పిల్ల కొంచెం బొద్దుగా వుంది" అని ఫోటో చూసి ఎవరో అన్నారట. ఆ ఒక్క మాటకు ఒక ఆడపిల్ల నెలరోజుల రాత్రి భోజనం బలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019–21లో జరిగింది. అందులో మన తెలంగాణ లెక్కలు చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 30 మంది అధిక బరువు. అదే వయసువాళ్ళలో నూటికి దాదాపు 19 మంది వుండవలసిన దానికన్నా తక్కువ బరువు. నూటికి 57 మందికి పైగా రక్తహీనత. ఒకే రాష్ట్రం, ఒకే అన్నం, ఒకే సర్వే! లావు అయినవాళ్ళూ వున్నారు, ఎండిపోయినవాళ్ళూ వున్నారు, లావుగా వుండి రక్తం లేనివాళ్ళూ వున్నారు. వీళ్ళందరికీ కలిపి "అన్నం మానేయండి" అని ఒకే మందు రాసేవాణ్ణి ఏమనాలి?

మా శరీరధర్మశాస్త్రం ప్రాక్టికల్సులో సాలీ పరికరంతో ఎవరి రక్తం వాళ్ళే పరీక్ష చేసుకున్నాం. స్త్రీలకు 12 గ్రాములైనా వుండాలి. మా బ్యాచిలో ఆ గీత అందుకున్న అమ్మాయిలు తక్కువ. ఎనిమిది వచ్చిన అమ్మాయి నవ్వుతూ "రెండు కిలోలు తగ్గానే" అన్నది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిపోవడమంటే ఇదే.

ఆకలి శరీరాన్నే కాదు, మనసును కూడా తింటుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక ప్రయోగం చేశాడు. వాళ్ళంతా ఇష్టపడి వచ్చినవాళ్ళే. ఆరు నెలలు అరకడుపు తిండి పెట్టాడు. వాళ్ళ బరువు దాదాపు నాలుగో వంతు పోయింది. దాంతోపాటు ఉత్సాహం పోయింది, స్నేహాలు పోయాయి. విసుగు, దిగులు పట్టుకున్నాయి. రోజంతా తిండి గురించే మాటలు, వంటల పుస్తకాలు ముందేసుకొని చదవడం. రాత్రి కీరదోసకాయ తిని పడుకొని ఫోనులో వంటల వీడియోలు చూసే మన అమ్మాయిలకూ, ఆ 36 మందికీ ఏమిటి తేడా? పరీక్షల ముందు చదివింది బుర్రకెక్కడం లేదంటే తప్పు బుర్రదేనా?

కాదనేవారికి జవాబు

"నీకేం తెలుసు, మా నాన్నకు షుగరు. డాక్టరే అన్నం తగ్గించమన్నాడు" అనే మిత్రులు వుంటారు. నిజమే. 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం వున్నవాళ్ళు పది కోట్లకు పైనే. వాళ్ళు అన్నం కొలిచి తినవలసిందే. వాళ్ళ కోసం మంచి రకాలు కూడా వచ్చాయి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన ఆర్.ఎన్.ఆర్. 15048, అదే తెలంగాణ సోనా, రక్తంలో చక్కెరను మామూలు బియ్యం కన్నా మెల్లగా పెంచుతుందని చెబుతారు. కానీ అదీ గుట్టగా తింటే గుట్టే. ఇంకో మాట. మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్ళు ఎవరో చెప్పారని ఉన్నట్టుండి అన్నం మానేస్తే చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు తగ్గించమనడం వేరు, గోడమీది కాగితం మానమనడం వేరు.

"లంఖణం పరమౌషధం అని పెద్దలే అన్నారు కదా" అంటారు ఇంకొందరు. అన్నారు. జ్వరం వచ్చినవాడికి అన్నారు. జ్వరం లేనివాడిని నెలరోజులు పస్తుండమని ఏ పెద్దలూ అనలేదు.

మరి ఏం తినాలి? ఇందుకు డబ్బులు పెట్టి ఎవరినీ అడగనక్కరలేదు. తార్నాకలోని ఆ సంస్థే 2024లో భారతీయులకు ఆహార సూత్రాలు 17 ప్రకటించింది. రోజుకు 2,000 కిలోకేలరీలు కావలసిన మనిషికి ఒక నమూనా పళ్ళెం కూడా ఇచ్చింది. ధాన్యాలు, అంటే బియ్యం, గోధుమ, జొన్న అన్నీ కలిపి, 250 గ్రాములు. పప్పులు, గుడ్లు, మాంసం లాంటివి 85 గ్రాములు. కూరగాయలు, పండ్లు కలిపి అరకిలో. పాలు 300 మిల్లీలీటర్లు. ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటవద్దన్నది. చూశారా? అన్నాన్ని బహిష్కరించలేదు, సింహాసనం మీది నుంచి దింపి పీట మీద కూర్చోబెట్టింది. పక్కన పప్పుకు, కూరకు, పెరుగుకు చోటిమ్మన్నది. బరువు తగ్గేవాళ్ళు వారానికి అరకిలో చొప్పున తగ్గితే క్షేమమన్నది. నెలకు ఎనిమిది కిలోలు అనే గోడమీది కాగితం వాడిని ఎవరు అడుగుతారు?

సంఘానికి నా విన్నపాలు

వ్యాసం రాసి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. కాబట్టి మన విద్యార్థి సంఘానికి నాలుగు పనులు చెప్పి ముగిస్తాను. నాలుగూ మన చేతిలోవే.

ఒకటి. మన హాస్టలు మెస్సు కమిటీలో అన్నం తగ్గించి ఆ మిగిలిన డబ్బుతో పప్పు చిక్కగా చేయించండి. రోజూ ఒక గుడ్డు, తిననివాళ్ళకు గుగ్గిళ్ళో బొబ్బర్లో పెట్టించండి. వారానికి మూడుసార్లు ఆకుకూర వుండాలి. సరూర్‌నగర్ రైతుబజారు దూరమేం కాదు, తోటకూర కట్ట బంగారమేం కాదు.

రెండు. జంతుశాస్త్ర విభాగం వారి సాయంతో ఏడాదికి రెండుసార్లు అందరికీ బరువు, ఎత్తు, నడుము కొలత, రక్తపరీక్ష చేయించండి. ఎవరి కొలత వాళ్ళకే ఇవ్వాలి, గోడకు అంటించకూడదు. ఎవరు నిజంగా తగ్గాలో, ఎవరు పెరగాలో అప్పుడు తెలుస్తుంది. కళ్ళతో చూసి "నువ్వు లావు" అనే తీర్పులు ఆగుతాయి.

మూడు. సాయంత్రం ఒక గంట మైదానం ఆడపిల్లలకు కూడా కేటాయించండి. ఇప్పుడు క్రికెట్టు ఆడే అన్నలు వదిలితే గదా మాకు దొరికేది!

నాలుగు. ఈ సంచిక ఖర్చుల కోసం మనం ప్రకటనలు అడుక్కుంటాం, తప్పదు. కానీ ఒళ్ళు తగ్గించే పొడుల ప్రకటన మాత్రం ఎంత డబ్బిచ్చినా వచ్చే సంచికలో వేయకండి. ఒక పేజీలో నా వ్యాసం, వెనక పేజీలో ఆ పొడి డబ్బా వుంటే చదివేవాళ్ళు నవ్విపోతారు.

మిత్రులారా, ఊరికి పోయినప్పుడల్లా మా నానమ్మ నా దండ పట్టుకొని చూసి "ఏం బిడ్డా, పట్నంల అన్నం పెడ్తలేరా?" అని అడుగుతుంది. పెడుతున్నారు నానమ్మా, అన్నం ఒక్కటే పెడుతున్నారు. తగువంతా అక్కడే వుంది. వచ్చే ఏడాది సంఘం బాధ్యతలు తీసుకోబోయే మిత్రులను నేను పెద్ద పెద్ద సిద్ధాంతాలు అడగను. ఒక్క ప్రశ్న అడుగుతాను: మన హాస్టలు పప్పులో పప్పు ఎప్పుడు కనిపిస్తుంది?